బీబీసీ మైక్రో చేత తెలుగు పలికించడం ఎలా?

1981 డిసెంబరులో బ్రిటన్‌లో విడుదలైన బీబీసీ మైక్రో మోడల్ బీ కంప్యూటర్‌లో మొత్తం ర్యామ్ మెమరీ 32 కిలోబైట్లు. టెలిఫోన్‌లో వినిపించే నాణ్యతతో మనిషి గొంతును మామూలుగా రికార్డు చేయాలంటే సెకనుకు 8 వేల బైట్లు కావాలి. ప్రోగ్రాముకు, తెరకు ఏమీ మిగల్చకుండా మెమరీ అంతా వాడేసినా అందులో పట్టేది నాలుగు సెకన్ల మాట. అదే కంప్యూటర్ చేత ‘హలో’ అని అయిదంటే అయిదు బైట్లతో అనిపించవచ్చు. గొంతును దాచిపెట్టే పని మానేసి, ఆ మాటలో ఏ ధ్వని తర్వాత ఏ ధ్వని వస్తుందో చెబితే చాలు. ఈ పద్ధతిలో ఇంగ్లిష్ పలికించడం తేలిక. కొంచెం ఓపిక పడితే తెలుగు కూడా పలుకుతుంది. ఇది రాస్తున్నది ముఖ్యంగా ఆ తెలుగు కోసమే.

మన దేశంలో 1984-85లో పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద బడులకు ఇచ్చినవి ఈ కంప్యూటర్లే. అప్పటి విద్యార్థుల్లో చాలామంది మొదటిసారి కీబోర్డు ముట్టుకున్నది వీటి మీదే. మీకు పని చేసే మెషీన్ ఒకటి దొరికితే దాన్ని అలమారలో అలంకారంగా ఉంచకండి. దాని అడుగున ఉన్న యూజర్ పోర్టు కోసమైనా బయటికి తీయండి. బయటి చిప్‌లతో నేరుగా మాట్లాడటానికి ఇంత తేలికైన దారి ఆ కాలపు ఇంటి కంప్యూటర్లలో చాలా తక్కువ వాటికి ఉంది.

ఏ చిప్, ఎందుకు

బీబీసీ మైక్రోకు ఏకార్న్ కంపెనీ సొంతంగా ఒక స్పీచ్ సిస్టమ్ అమ్మింది. అందులో ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్5220 చిప్. దానితో పాటు బీబీసీ వార్తలు చదివిన కెన్నెత్ కెండాల్ గొంతుతో తయారుచేసిన మాటల రోమ్ (మార్చడానికి వీల్లేని మెమరీ చిప్) వచ్చేది. వినడానికి గొంతు చక్కగా ఉంటుంది. కానీ రోమ్‌లో ఉన్న మాటలే వస్తాయి, మన ఊరి పేరు చెప్పమంటే చెప్పలేదు.

మనకు కావలసింది జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ వారి ఎస్పీ0256-ఏఎల్2. ఇందులో మాటలేవీ లేవు, ధ్వనులే ఉన్నాయి. 0 నుంచి 63 వరకు 64 నంబర్లు. వాటిలో మొదటి అయిదూ నిశ్శబ్దాలు, మిగతా 59 ఇంగ్లిష్ ధ్వనులు. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కు కర్రా కంపెనీ చేసిన మైక్రోస్పీచ్ పెట్టెలో ఉన్నది కూడా ఇదే చిప్. నంబరు పంపితే ఆ ధ్వని వస్తుంది, అంతే. మాటను ధ్వనులుగా విడగొట్టే పని మాత్రం పూర్తిగా మీది.

ఈ చిప్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆన్‌లైన్‌లో అమ్మే వాటిలో వేరే చిప్‌ల మీద పేరు చెరిపి కొత్త పేరు ముద్రించినవి ఉంటాయి. ఏ ధ్వని పలికిందో వీడియోలో చూపించే అమ్మకందారు దగ్గరే కొనండి, తిరిగి తీసుకుంటారో లేదో ముందే అడగండి.

వైరింగ్

యూజర్ పోర్టు 20 పిన్నులది. ఫ్లాట్ రిబ్బన్ కేబుల్‌తో బ్రెడ్‌బోర్డు మీదికి తెచ్చుకోండి. 1, 3 పిన్నుల్లో 5 వోల్టులు ఉంటాయి. 5 నుంచి 19 వరకు బేసి సంఖ్య పిన్నులన్నీ గ్రౌండ్. డేటా లైన్లు 6 నుంచి 20 వరకు సరి సంఖ్య పిన్నుల్లో వరసగా వస్తాయి.

నంబరు పంపడానికి ఆరు లైన్లు చాలు. పోర్టులో 6, 8, 10, 12, 14, 16 పిన్నులను చిప్‌లో 18, 17, 16, 15, 14, 13 కాళ్లకు అదే వరసలో కలపండి. పోర్టు 18వ పిన్నును చిప్ 20వ కాలికి కలపండి. ‘నంబరు పెట్టాను, తీసుకో’ అని చెప్పే లైను ఇది. ఒక్క క్షణం సున్నాకు దిగి మళ్లీ ఒకటికి లేస్తే చిప్ నంబరు తీసుకుంటుంది. పోర్టు 20వ పిన్నును చిప్ 9వ కాలికి కలపండి. దీని ద్వారా చిప్ మనకు జవాబిస్తుంది. ఈ లైను ఒకటిగా ఉన్నంతసేపూ చిప్ చేతిలో పని నిండుగా ఉందని అర్థం. సున్నాకు దిగితే తర్వాతి నంబరు పంపవచ్చు.

చిప్‌లో 7, 19, 23 కాళ్లకు 5 వోల్టులు, 1, 10, 11, 22 కాళ్లకు గ్రౌండ్. 2, 25 కాళ్లు రీసెట్‌వి. రెండింటినీ కలిపి 100 కిలో ఓమ్ రెసిస్టర్‌తో 5 వోల్టులకు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో గ్రౌండ్‌కు కట్టండి. 27, 28 కాళ్ల మధ్య క్రిస్టల్ పెట్టి, రెండు వైపుల నుంచీ 22 పికోఫారడ్ కెపాసిటర్లు గ్రౌండ్‌కు వేయండి. మిగిలిన కాళ్లు బయట ఇంకో రోమ్ తగిలించుకునే వారి కోసం ఉన్నవి. వాటి సంగతి డేటాషీట్ (చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) బొమ్మలో ఉన్నట్టే చేయండి.

క్రిస్టల్ 3.12 మెగాహెర్ట్‌జ్ ఉండాలి. ఇది షాపుల్లో సులువుగా దొరకదు. చాలామంది అమెరికన్ కలర్ టీవీల్లో వాడే 3.58 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్ వేస్తారు. చిప్ పని చేస్తుంది, కాకపోతే మాట సుమారు 15 శాతం వేగంగా, అంతే మేర సన్నగా వస్తుంది. నేర్చుకునే దశలో సరైన క్రిస్టలే వెతికి పెట్టుకోమంటాను. ఎందుకంటే ముందు ముందు మనం చేసే పనంతా ధ్వనుల నిడివి మీదే ఆధారపడి ఉంటుంది.

ధ్వని 24వ కాలి నుంచి వస్తుంది. అది నేరుగా స్పీకర్‌కు పనికిరాదు, చాలా వేగంగా కొట్టుకునే పల్స్‌ల వరస అది. 33 కిలో ఓమ్ రెసిస్టర్, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ జతను ఒకదాని వెనక ఒకటి రెండుసార్లు వేసి వడకట్టండి. ఆ తర్వాత ఎల్ఎం386తో చేసిన ఏ చిన్న యాంప్లిఫయర్ బోర్డు అయినా సరిపోతుంది. యాంప్లిఫయర్‌కు కరెంటు వేరే అడాప్టర్ నుంచి ఇవ్వండి, గ్రౌండ్ మాత్రం రెండింటికీ ఒకటే ఉండాలి. కంప్యూటర్ ఆన్ చేసే ముందు 5 వోల్టుల లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూసుకోండి. నలభై ఏళ్ల మెషీన్ పోర్టు చిప్ కాలిపోతే ఇంకోటి వెతకడం మామూలు టెన్షన్ కాదు.

మొదటి మాట

ప్రోగ్రాము రాసేది కంప్యూటర్‌లోనే ఉన్న బేసిక్ భాషలో. ఆ మాటలను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. 65120 అనేది యూజర్ పోర్టు అడ్రసు. 65122 అడ్రసులో ఏ లైను బయటికి పంపాలో, ఏది లోపలికి వినాలో చెబుతాం.

10 ?65120=64
20 ?65122=127
30 రీడ్ ఎన్
40 ఇఫ్ ఎన్<0 దెన్ ఎండ్
50 రిపీట్:అన్‌టిల్ ?65120<128
60 ?65120=ఎన్+64
70 ?65120=ఎన్
80 ?65120=ఎన్+64
90 గోటు 30
100 డేటా 27,7,45,15,53,4,-1

10, 20 లైన్లను తారుమారు చేయకండి. ముందు 64 పెట్టి ఆ తర్వాత లైన్లను బయటికి తిప్పితే ‘తీసుకో’ లైను పొరపాటున కూడా సున్నాకు దిగదు. 50వ లైను చిప్ ఖాళీ అయ్యేవరకు ఆగుతుంది. 60, 70, 80 లైన్లు నంబరు పెట్టి, సున్నాకు దించి, పైకి లేపుతాయి.

రన్ చేస్తే ‘హలో’ వినిపిస్తుంది. ఆ అయిదు ధ్వనుల నిడివి 130, 70, 110, 70, 240 మిల్లీసెకన్లు, మొత్తం కలిపి 0.62 సెకను. చివర ఉన్న 4 అంటే 200 మిల్లీసెకన్ల నిశ్శబ్దం. దాన్ని తీసేసి ఒకసారి రన్ చేయండి, చివరి అచ్చు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఈ చిప్‌కు ఊరుకోమని కూడా మనమే చెప్పాలి.

నిశ్శబ్దం ఎక్కడ రాయాలి

కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు డేటాషీట్‌లోని ధ్వనుల పట్టికనే పట్టుకుంటారు. మాట అర్థం కావడమా, గరగరలాడటమా అన్నది తేలేది మాత్రం 0 నుంచి 4 వరకు ఉన్న నిశ్శబ్దాల దగ్గరే. వాటి నిడివి వరసగా 10, 30, 50, 100, 200 మిల్లీసెకన్లు.

అరచేయి నోటి ముందు పెట్టుకుని ‘అక’ అనండి. ‘క’ రావడానికి ముందు గాలి పూర్తిగా ఆగిపోతుంది, ఆ తర్వాతే విడుదలవుతుంది. చిప్‌లోని ‘క’లో ఆ విడుదల ఉంది కానీ దాని ముందు ఉండాల్సిన ఆగడం సరిపడా లేదు. అందుకే బ, డ, గ, జ ధ్వనుల ముందు 0 లేదా 1, ప, ట, క, చ ధ్వనుల ముందు 2 వేయాలి. ఇది డేటాషీట్ చెప్పే నియమమే. మాట మొదట్లో వస్తే ఎలాగూ నిశ్శబ్దమే కాబట్టి వేయక్కర్లేదు. మాటకూ మాటకూ మధ్య 2, వాక్యాల మధ్య 3 లేదా 4.

ఈ నియమం తెలుగుకు ఇచ్చే వరం ద్విత్వాక్షరాలు. ‘అక్క’లో రెండు ‘క’లు ఉన్నట్టు రాస్తాం గానీ నోట్లో గాలి విడుదలయ్యేది ఒక్కసారే. దాని ముందు ఆగడం ఎక్కువసేపు ఉంటుంది, అంతే. కాబట్టి 15,3,42,15 అని రాయండి. 3 స్థానంలో 2 వేసి మళ్లీ వినండి, ద్విత్వం మాయమవుతుంది. ఇంగ్లిష్ కోసం చేసిన చిప్‌లో ఇది దొరకడం నాకు ఇప్పటికీ సంతోషం కలిగించే విషయం.

మ, న, ల లాంటివి వేరు. వాటిలో గాలి ఆగదు, కాబట్టి నిశ్శబ్దం కాదు, ఆ ధ్వనినే రెండుసార్లు పంపాలి. ‘అమ్మ’ 15,16,16,15. ‘అన్న’ 15,11,11,15.

తెలుగు అచ్చులు

అచ్చుల్లో హ్రస్వ దీర్ఘాలు తేడాగా వినిపించకపోతే తెలుగు తెలుగులా ఉండదు. ‘అ’కు 15 వాడండి, దాని నిడివి 70 మిల్లీసెకన్లు. ‘ఆ’కు 24ను రెండుసార్లు పంపండి, 200 అవుతుంది. ఇ 12, ఈ 19. ఉ 30, ఊ 31. ఎ 7. ఐ 6, ఔ 32.

ఏ, ఓ దగ్గర జాగ్రత్త. పట్టిక చూసి 20, 53 వేయాలనిపిస్తుంది. అవి ఇంగ్లిష్‌లో పలికే జారుడు అచ్చులు, 20 చివర ‘య్’ వైపు, 53 చివర ‘వ్’ వైపు జారిపోతాయి. ‘ఏడు’ కాస్తా ‘ఎయ్‌డు’ అవుతుంది. వాటి బదులు ‘ఏ’కు 7,7 అని, ‘ఓ’కు 23,23 అని పంపండి. జారుడు లేకుండా నిలకడగా వస్తాయి. ఒక్క 23 పంపితే ‘ఒ’.

హల్లులు

పట్టికలో ‘క’ మూడు చోట్ల కనిపిస్తుంది: 8, 41, 42. ‘కీ’ అని, ‘కూ’ అని మార్చి మార్చి అనండి. నాలుక తాకే చోటు ముందుకూ వెనక్కీ కదలడం తెలుస్తుంది. అందుకే ఇ, ఎ లాంటి ముందు అచ్చులతో, 15తో 42 వాడాలి. ఉ, ఒ లాంటి వెనక అచ్చులతో 8. మాట చివర హల్లుగా మిగిలితే 41. ‘గ’కు కూడా అంతే: ముందు అచ్చులకు 36, వెనక అచ్చులకు 61, మిగతా చోట్ల 34. ‘హ’కు ముందు అచ్చులతో 27, వెనక అచ్చులతో 57. ‘న’కు 11, ఉ ఒ లతో అయితే 56. ‘బ’కు 63, ‘డ’కు 33.

‘ట’ కోసం 13 ఉంది. ఇంగ్లిష్ వాళ్ల ‘ట’ మన చెవికి ట లాగానే వినిపిస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. ‘త’, ‘ద’ లకు ఆ చిప్‌లో అసలైన ధ్వని లేదు. పళ్ల మధ్య నుంచి గాలి వదిలే 29ని ‘త’గా, మాట మధ్యలో 54ను, మొదట్లో 18ని ‘ద’గా వాడుకుంటాం. వాటికి ముందు 0 వేస్తే గాలి కొద్దిగా ఆగినట్టయి ఇంకొంచెం దగ్గరపడతాయి.

‘ప’ పేచీ పెడుతుంది. 9వ ధ్వని 210 మిల్లీసెకన్లు, అందులో గాలి ఎక్కువ, ‘ఫ’ వైపు మొగ్గుతుంది. మాట మధ్యలో 2 వేసి 63 పంపి చూడండి. కొన్ని మాటల్లో అదే మెరుగ్గా ఉంటుంది. ‘ర’ కూడా ఇంగ్లిష్ ‘ర’యే, నాలుక కొట్టి తిప్పే మన ‘ర’ కాదు. 14 నిడివి 170, 39 నిడివి 120 కాబట్టి మాట మధ్యలో పొట్టిదే వాడండి. ణ, ళ లు లేవు. 11, 45 లతోనే సర్దుకోవాలి, దీనికి నా దగ్గర దొడ్డిదారి ఏమీ లేదు. భ, ఘ లాంటి వాటికి 63, 34 వెనక 57 తగిలించి వినండి.

చ 50, జ 10, శ ష రెంటికీ 37, స 55, మ 16, య 25, ల 45, వ 35. ‘వ’కు 46 కూడా ప్రయత్నించవచ్చు, తెలుగు ‘వ’ ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు ‘నమస్కారం’: 11,15,16,15,55,2,8,24,24,39,15,16,4. సుమారు 1.3 సెకన్లు పడుతుంది. ‘స’ బలహీనంగా ఉందనిపిస్తే 55ను రెండుసార్లు పంపండి, అది 90 మిల్లీసెకన్లే కాబట్టి ఎబ్బెట్టుగా ఉండదు.

వినే పద్ధతి

మాటను రాసిన మనిషికి అది ఎప్పుడూ స్పష్టంగానే వినిపిస్తుంది, ఏం రావాలో ముందే తెలుసు కాబట్టి. అందుకే తెర కనిపించని చోట ఇంకొకరిని కూర్చోబెట్టి, ఏం వినిపించిందో రాయమనండి. మీరేమీ అందించకండి. ఒకసారికి ఒక్క నంబరే మార్చండి. ముందు నిశ్శబ్దాలు, తర్వాత అచ్చుల నిడివి, చివరగా హల్లుల రకం. ఈ వరసలో వెళితే పని త్వరగా తెగుతుంది.

గొంతు ఎగుదిగుళ్ల మీద ఆశ పెట్టుకోకండి. ఈ చిప్‌లో స్థాయిని మార్చే నంబరేదీ లేదు. ‘వస్తావా?’ అని అడిగినా, ‘వస్తావు’ అని చెప్పినా ఒకే స్వరం. ప్రశ్నలో చివరి దీర్ఘాన్ని ఇంకోసారి పంపి సాగదీయడమే మిగిలిన ఉపాయం. తెలుగులో ప్రశ్నకు చివరి దీర్ఘమే గుర్తు కాబట్టి అది బాగానే పని చేస్తుంది.

చిప్ దొరక్కపోతే పాత మెషీన్లను ఇప్పటి కంప్యూటర్ మీద నడిపించే మేమ్ ఎమ్యులేటర్‌లో ఎస్పీ0256 ఉంది. నంబర్ల వరసలు అవే.

అంకెలు చదివించండి

ఒక్కో మాటా విడిగా వచ్చాక కీబోర్డుతో కలపండి. 40వ లైనులో ‘ఎండ్’ తీసి 25 అని రాయండి. 25వ లైనుగా రీస్టోర్ (200+10*(గెట్-48)) అని చేర్చండి. ఏ అంకె నొక్కితే ఆ అంకె డేటా లైను దగ్గరికి వెళ్తుంది. అంకెలు కాకుండా వేరే కీ నొక్కితే చాలాసార్లు లైను దొరక్క ఎర్రర్ వస్తుంది, కాబట్టి ముందు అంకేనా అని చూసే చిన్న షరతు మీరే రాసుకోండి. 100వ లైను ఇక అక్కర్లేదు, దాని బదులు ఇవి:

200 డేటా 55,30,11,11,24,24,4,-1
210 డేటా 23,2,42,15,2,13,12,4,-1
220 డేటా 14,7,11,0,33,30,4,-1
230 డేటా 16,31,1,33,30,4,-1
240 డేటా 11,24,24,45,30,1,61,30,4,-1
250 డేటా 6,0,54,30,4,-1
260 డేటా 24,24,39,30,4,-1
270 డేటా 7,7,1,33,30,4,-1
280 డేటా 7,11,12,16,12,0,54,12,4,-1
290 డేటా 29,23,16,16,12,0,54,12,4,-1

సున్నా నుంచి తొమ్మిది వరకు వరసగా ఇవీ. వీటిని చివరి మాటగా తీసుకోకండి, మీ స్పీకర్‌కు, మీ ప్రాంతపు పలుకుబడికి తగ్గట్టు మార్చుకోండి. మొదట ‘తొమ్మిది’ పట్టండి. లేని ‘త’, ద్విత్వపు ‘మ’, పొట్టి అచ్చులు, మాట మధ్యలో ‘ద’, కష్టమైనవన్నీ అందులోనే ఉన్నాయి. ‘ద’ సాగినట్టుంటే అది 54 నిడివి 240 ఉండటం వల్ల. దాని స్థానంలో 33 పెట్టి ‘తొమ్మిడి’ అనిపించి, రెంటిలో ఏది మీ ఇంట్లో వాళ్లకు వెంటనే అర్థమవుతుందో అది ఉంచండి.